కుర్చీ ఖాళీ చేయించిన బాణం

పోయిన వారం కరుణాకుమారిని ముత్తుకూరులోని ల్యాబు మెట్ల మీద వదిలి వచ్చాం. రొయ్య పిల్లకు తెల్లమచ్చ జబ్బు ఉందో లేదో పరీక్షించి చెప్పే ల్యాబు అది. ఆరేళ్లుగా ఆమె అందులో టెక్నీషియన్. ఆమె చేతిలో ఒక నోటుపుస్తకం, ఒక కాగితం ఉన్నాయి. తన చేత్తో రాసుకున్న పుస్తకంలో పిల్లను పెంచి అమ్మే హేచరీలోని ఆరో ట్యాంకు పిల్లకు పాజిటివ్, అంటే జబ్బు ఉంది. కంప్యూటరు ప్రింటు తీసిన కాగితంలో అదే ట్యాంకుకు, అదే తేదీకి నెగటివ్. కింద సంతకం మాత్రం ఆమెదే. ఆ కాగితాన్ని నమ్మి చిల్లకూరు రైతు హజరత్తయ్య శనివారం తన గుంటలో పిల్లను వదలబోతున్నాడు. విషయం చెప్పగానే యజమాని పద్మనాభయ్య, "పొరపాటున తప్పు కాగితం ఇచ్చినానని రాసియ్యి, లేదంటే ఇంట్లో కూర్చో" అన్నాడు. కరుణ ఒకటే అడిగింది. కంప్యూటర్లు బాగుచేసే మధుబాబును పిలిపించండి, అతని ఎదురుగా మాట్లాడుకుందాం అని.

శుక్రవారం పొద్దున ఏడు గంటలకే మధుబాబు నెల్లూరు నుంచి బండి మీద వచ్చాడు. అతనికంటే ముందే పద్మనాభయ్య వచ్చి, కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంది మేడమ్, ఇడ్లీ కూడా తిననీకుండా పిలిపించినారు" అంటూ మధుబాబు హెల్మెట్ బల్ల మీద పెట్టబోయాడు.

"దాని మీద వద్దు. శాంపిళ్లు పెట్టే బల్ల అది" అంది కరుణ.

అతను హెల్మెట్‌ను ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. కరుణ కంప్యూటరు ముందున్న కుర్చీలో కూర్చుంది. కీబోర్డు మీద ఆమె కుట్టిన ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఉప్పుగాలికి ఆ ఊళ్లో ఏ మిషనూ ఎక్కువ కాలం ఆగదు. తొడుగు అంచులు ఎప్పటికప్పుడు తడిగుడ్డతో తుడవకపోతే తెల్లగా పొడి పేరుకుంటుంది.

"మంగళవారం ఒంటిగంటకి మా సిస్టమ్‌లోకి వచ్చినావా మధూ?"

"మంగళవారమా? మంగళవారం గూడూరులో మా తోడల్లుడి గృహప్రవేశం. ఒంటిగంటకి బంతిలో కూర్చోని భోంచేస్తా ఉండా. కావాలంటే ఫొటోలు చూపిస్తా."

"అయితే ఆ రోజు బాణం ఎవరు కదిలించినారు?"

మధుబాబు పద్మనాభయ్య వైపు చూశాడు. పద్మనాభయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ బాణం సంగతి కొత్తగా చదువుతున్నవాళ్లకు చెప్పాలి. మూడేళ్ల కిందట, ప్రతి చిన్న రిపేరుకూ నెల్లూరు నుంచి రావడం కుదరదని, మధుబాబు ఈ కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ వేసిపెట్టాడు. దాంతో అతను తన షాపులో కూర్చునే ఇక్కడి తెరను చూడగలడు, ఇక్కడి మౌసును నడపగలడు. ఇక్కడ ఎవరూ సరేనని నొక్కనక్కర్లేదు. ఈ కంప్యూటరు నంబరూ పాస్‌వర్డూ ఉంటే చాలు. నంబరు చీటీ మానిటర్ కిందే అతికించి ఉంది. మొదటిసారి తెర మీద బాణం దానంతటదే కదిలినప్పుడు, శాంపిళ్లు తెచ్చే అబిగయీలు కెవ్వుమని అరిచి గ్లాసు పగలగొట్టింది. తరవాత అలవాటైపోయింది. బాణం కదిలితే "మధుబాబు వచ్చినాడు" అనుకుని కుర్చీలోంచి లేచిపోయేవాళ్లు. లెమ్మని ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి పని చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూడటం మర్యాద కాదనిపించింది, అంతే. టీ తాగొచ్చేవాళ్లు. మధ్యాహ్నమైతే క్యారియర్ విప్పుకునేవాళ్లు.

"మంగళవారం కూడా అట్నే లేచిపోయినా" అంది కరుణ. "ఆరో ట్యాంకుకు పాజిటివ్ అని కొట్టి సేవ్ చేసినా. అంతలో బాణం కదిలింది. మధుబాబు వచ్చినాడు, రాండక్కా తిందాం అనింది అబిగయీలు. పోయినాం. వచ్చేసరికి తెర ఎప్పట్లాగే ఉంది. హజరత్తన్న మనిషి వాకిట్లో నిలబడి తొందర చేస్తా ఉండాడు. ప్రింటు కొట్టి, స్టాంపు వేసి, చదవకుండా సంతకం చేసినా."

"చదవకుండా చేసినావు కదా. నేననేదీ అదే కదమ్మా" అన్నాడు పద్మనాభయ్య ఇటు తిరిగి.

"అది నా తప్పే సార్. కావాలంటే ఇప్పుడే రాసిస్తా, చదవకుండా సంతకం చేసినానని. పాజిటివ్‌ని నెగటివ్ చేసింది మాత్రం నేను కాదు. అది రాయను."

ఆమె గొంతు పెరగలేదు. మధుబాబు ఒళ్లో హెల్మెట్‌ను ఒకసారి తిప్పి పెట్టుకున్నాడు.

"ఆ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు మధూ?"

"నాకొక్కడికే మేడమ్."

"సరిగ్గా ఆలోచించి చెప్పు."

"నాకూ... మీకూ. మీకు చెప్పినా కదా, అవసరానికి ఉంటాదని."

"ఇంకో కస్టమర్‌కి ఏం పాస్‌వర్డు పెట్టినావు?"

మధుబాబు హెల్మెట్ పట్టీ విప్పి మళ్లీ బిగించాడు.

"అదేనా?"

"నలభై మంది కస్టమర్లు మేడమ్. హేచరీలు, మేత షాపులు, మందుల షాపులు. నలభై పాస్‌వర్డులు నాకు గుర్తుండాల కదా. అందరికీ ఒకటే పెట్టినా. మా పాప పేరు, ఒకటి రెండు మూడు."

"వెన్నెల ఒకటి రెండు మూడు" అంది కరుణ. "అంటే నలభై ఇళ్లకు ఒకే తాళంచెవి చేయించి, ఇంటికొకటి పంచిపెట్టినావు. ఇంటి నంబరేమో మా మానిటర్ కింద అతికించినావు. శాంపిల్ ఇయ్యడానికి వచ్చే ప్రతివాడూ చూసేట్టు."

"ఇన్నేళ్లలో ఎవరూ అట్టా చేయలేదు మేడమ్."

"చేసినారని ఎట్టా తెలుస్తాది? కంప్యూటరు ఎప్పుడూ ఆపం, నా పేరుతో తెరిచిన లాగిన్ రాత్రీ పగలూ అట్నే ఉంటాది. తెరిచి మూసే టైము లేదు, వాకిట్లో రైతులు నిలబడుంటారు. ఎవరొచ్చి ఏం మార్చినా నేను మార్చినట్టే పడతాది."

మధుబాబు బుర్ర గోక్కున్నాడు. "ఎవరు వచ్చిందీ చూడొచ్చు మేడమ్. సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకుంటాది."

పద్మనాభయ్య చేతులు వెనక నుంచి ముందుకు వచ్చాయి. "అట్టాంటిది ఉందని నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు సార్."

కరుణ కుర్చీని కొంచెం పక్కకు జరిపింది గాని లేవలేదు. మధుబాబు హెల్మెట్ చంకలో పెట్టుకుని వంగి, ఆమె భుజం పక్కనుంచి మౌసు నడిపి ఒక జాబితా తెరిచాడు. తేదీలు, టైములు, పక్కన ఏ కంప్యూటరు నుంచి వచ్చారో దాని నంబరు. చాలావాటి పక్కన అతని షాపు నంబరే ఉంది. మంగళవారం ఒంటిగంట నాలుగు నిమిషాల నుంచి ఒంటిగంట పదకొండు వరకు వేరే నంబరు.

"చీటీ మీద రాయి" అంది కరుణ. అతను రాశాడు. "టైము కూడా రాయి. కింద నీ పేరు రాసి సంతకం పెట్టు. ఇప్పుడు తెరిచింది మూసెయ్యి, ముందు ఎట్టా ఉందో అట్టా పెట్టు."

"ఈ నంబరు ఎవరిదో నా ఫోన్లో ఉంటాది మేడమ్, వెతకతా" అని మధుబాబు వెనక్కి జరిగి జేబులోంచి ఫోన్ తీశాడు.

గోడ గడియారం ఏడుంబావు చూపిస్తోంది. ల్యాబు తెరిచేది ఎనిమిదింటికి. ఈ టైములో ఇక్కడ మనుషులుంటారని ఎవరూ అనుకోరు.

తెర మీద బాణం కదిలింది.

మౌసు మీద ఎవరి చెయ్యీ లేదు. కరుణ రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. అలవాటు కొద్దీ ఆమె మడమలు నేలను తన్నాయి, నడుం కుర్చీలోంచి పైకి లేచింది. అంతలోనే ఆమె రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుని తిరిగి కూర్చుంది.

"మధూ" అంది మెల్లగా. "నువ్వు ఇక్కడే ఉండావు కదా."

మధుబాబు తన ఫోన్ పట్టుకున్న చేతిని, ఖాళీ చేతిని మార్చి మార్చి చూసుకున్నాడు.

పద్మనాభయ్య రెండంగల్లో వచ్చి గోడ దగ్గరి వైరు పట్టుకున్నాడు. "పీకేస్తా ఉండు!"

"ముట్టుకోబాకండి సార్. పీకితే వాళ్లు పోతారు, నా మీద పడిన మాట మిగులుతాది." కరుణ తన ఫోన్ తీసి వీడియో పెట్టింది. గోడ గడియారం మీద మొదలుపెట్టి, మధుబాబు ముఖం మీదుగా, పద్మనాభయ్య ముఖం మీదుగా తెచ్చి తెర మీద ఆపింది.

తెర మూలన చిన్న పెట్టె ఒకటి తెరుచుకుని ఉంది. అందులో వచ్చినవాళ్ల నంబరు. చీటీ మీది నంబరే. దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో, ఆ కంప్యూటరుకు మధుబాబు ఎప్పుడో పెట్టిన పేరు: పద్మనాభయ్య సార్ ఇల్లు.

ముగ్గురూ చదివారు. ఎవరూ పైకి చదవలేదు.

బాణానికి దారి తెలుసు. తడుముకోకుండా రిపోర్టుల్లోకి పోయింది, మంగళవారంలోకి పోయింది, ఆరో ట్యాంకు తెరిచింది. నెగటివ్ అన్న మాట నీలంగా మారి చెరిగిపోయింది. దాని చోట ఒక్కొక్క అక్షరమే పడింది. పాజిటివ్. సేవ్. మార్చినవారు కరుణాకుమారి అని అడుగున వచ్చింది. తన చేతులు రెండూ ఫోను పట్టుకుని ఉండగానే, మార్చింది తానేనని తెర మీద తన పేరు పడటం కరుణ చూసింది.

చిన్న పెట్టె మాయమైంది. బాణం మధ్యలో నిలిచిపోయింది.

పద్మనాభయ్య ఊపిరి వదిలాడు. "సరే. సరిచేసినారు కదా. నీ పుస్తకంలో ఉండేదే ఇప్పుడు సిస్టమ్‌లో ఉంది. ఇంక గొడవేముంది?"

"ఇప్పుడే గొడవ సార్. సిస్టమ్‌లో పాజిటివ్. నేను సంతకం పెట్టిన కాగితంలో నెగటివ్. ఇవి రెండూ పక్కపక్కన పెట్టి చూసినోళ్లు ఏమంటారు? సిస్టమ్ నిజమే చెప్పింది, కరుణే దొంగ కాగితం కొట్టించి ఇచ్చింది అంటారు. నిన్నటిదాకా నాది పొరపాటు. ఇప్పుడు మోసం."



పద్మనాభయ్య స్టూలు మీద కూర్చున్నాడు. అతని గొంతు మారింది, ఇంటి మనిషితో మాట్లాడినట్టు మెత్తబడింది. "చూడమ్మా. ఇంట్లో ఆ సిస్టమ్ ముందు కూర్చునేది మా పెంచలకృష్ణ. హేచరీ పిల్లను రైతులకు ఇప్పించే ఏజెంటు వాడే కదా. తెలివితక్కువ పని చేసినాడు. నా తమ్ముడు, నేను అడుగుతా. నువ్వేం రాసియ్యక్కర్లేదు, పనిలోనే ఉండు. దీన్ని ఇక్కడితో వదిలెయ్యి."

"హజరత్తన్న సంగతి?"

"రేపు కదా వదిలేది. సాయంత్రం నేను మాట్లాడతాలే."

ఆరేళ్లుగా కరుణకు ఆయన సాయంత్రాలు తెలుసు. ఏసీ బాగుచేయిస్తానన్న సాయంత్రం ఉంది, అబిగయీలుకు చేతి తొడుగులు తెప్పిస్తానన్న సాయంత్రం ఉంది. ఆమె మారుమాట్లాడకుండా ఫోన్లో హజరత్తయ్య నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచింది.

"ఏమ్మా కరుణమ్మా, ఇంత పొద్దున్నే!" హజరత్తయ్య వెనక నీటి చప్పుడు, మనుషుల కేకలు వినిపిస్తున్నాయి.

"అన్నా, పిల్ల రేపే కదా వచ్చేది?"

"రేపేంది, వచ్చేసింది. లారీ ఈరోజే దొరికిందన్నారు. సంచులు గుంటలో వేసినాం, తేలతా ఉండాయి. లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి రావాల కదా. ఇంకో పది నిమిషాల్లో మూతులు విప్పతాం, ఎండెక్కకముందే."

కరుణ లేచి నిలబడింది. "విప్పబాకన్నా! ఆ పిల్లకు తెల్లమచ్చ ఉంది."



"ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్తా ఉండా. పరీక్ష చేసింది నేనే."

"కాగితం మీద లేదని సంతకం పెట్టిందీ నువ్వే కదమ్మా. పోయినేడు తెల్లమచ్చకు గుంటంతా తెల్లగా తేలి, గబ్బుకు ఊరోళ్లు గట్టు మీదికి రాలేదు. అప్పుడనుకున్నా, ల్యాబు కాగితం లేకుండా పిల్లను ముట్టనని. కాగితం తెచ్చుకున్నా. ఇప్పుడు కాగితాన్ని నమ్మొద్దంటే ఇంక దేన్ని నమ్మాల?"

"సంతకం నాదేనన్నా. చదవకుండా పెట్టినా. నా వెనక ఎవరో మార్చినారు. నా కళ్ల ముందర ఇప్పుడే మళ్లీ మార్చినారు, వీడియో తీసినా. నన్ను తిట్టు, ఊళ్లో పెట్టి అడుగు, పడతా. సంచులు మాత్రం విప్పబాక. నీ గుంటలో వదిలితే కాలవ మీద ఉండే గుంటలన్నిటికీ జబ్బు పాకతాది."

ఫోన్‌ను ఎవరో లాక్కున్న చప్పుడైంది. కొత్త గొంతు వచ్చింది, గట్టిగా, కోపంగా. "ఏమ్మే కరుణా! మా అన్న నీకు జీతమిచ్చేది రైతుల్ని బెదరగొట్టేదానికా? పిల్ల ఎట్టా గెంతతా ఉందో ఇక్కడికొచ్చి చూడు!"

పద్మనాభయ్య స్టూలు మీంచి లేచాడు.

"పెంచలకృష్ణ గారూ, మీరు గట్టు మీద ఉండారా?" అంది కరుణ.

"గట్టు మీద కాకపోతే ఆకాశంలో ఉంటానా? తెల్లారుజామున నాలుగింటికి లారీ ఎక్కినా, ఇంకా మొహం కూడా కడగలేదు. మా అన్నకు ఫోనియ్యి నువ్వు, ఆయనకి చెప్తా నీ సంగతి!"

"మీ అన్న ఇక్కడే ఉండాడు. వింటానే ఉండాడు."

మళ్లీ ఫోన్ చేతులు మారింది. హజరత్తయ్య గొంతు దూరంగా వినపడింది, గుంటలోని మనుషుల మీద కేకవేస్తూ. "ఒరే, ఒక్క సంచి కూడా విప్పబాకండి! తీసుకొచ్చి షెడ్డు నీడలో పెట్టండి! పెట్టండ్రా అంటే!" తరవాత దగ్గరగా వచ్చింది. "సంచుల్లో గాలి పదకొండు దాకా ఆగతాదంట. ఆలోపల నువ్వే రావాల తల్లీ, కొత్త కాగితం తీసుకొని. నీ సంతకం చాలదు. మీ యజమానిది కూడా ఉండాల."

"తెస్తానన్నా."

ఆమె ఫోన్ పెట్టేసింది. కరుణ కూర్చుని కొత్త రిపోర్టు తెరిచి, ఈసారి ప్రతి గడినీ వేలితో తాకుతూ చదివింది. ప్రింటు తీసి, మళ్లీ చదివి, సంతకం చేసి పద్మనాభయ్య ముందు పెట్టింది. పక్కన పెన్ను పెట్టింది.

ఆయన పెన్ను ముట్టుకోలేదు. "పెంచలకృష్ణ గుంట దగ్గరుంటే..." అని ఆగిపోయాడు.

"ఇంట్లో ఇంకెవరుంటారు సార్?" మధుబాబు అడిగాడు, అడిగినందుకు వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"మా ఆడోళ్లు పెంచలకోన గుడికి పోయినారు" అన్నాడు పద్మనాభయ్య. "ప్రత్యూష ఒక్కతే ఉంది."

ప్రత్యూష ఆయన కూతురు. డిగ్రీ చివరి ఏడు. పోయిన ఎండాకాలం సెలవుల్లో రెండు నెలలు రోజూ ల్యాబుకు వచ్చి కరుణ పక్కన కూర్చుంది. శాంపిల్ ఎలా నూరాలో, ఫలితం ఎలా చూడాలో, దాన్ని ఏ గడిలో ఎలా కొట్టాలో కరుణే దగ్గరుండి నేర్పింది. అందుకే బాణం తడుముకోలేదు.

"పెట్టండి సార్ సంతకం" అంది కరుణ. "టైము పోతా ఉంది."

బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి పద్మనాభయ్య చెయ్యి చాచాడు. "అది నాకియ్యి."

"నా ఫోన్ సార్" అని కరుణ ఎత్తింది. ఇందాకటిలాగే వేలు స్పీకర్ మీద పడింది.

"అక్కా, పడుకున్నావా?" ప్రత్యూష గుసగుసలాడుతోంది. "నేను మార్చేసినా అక్కా. ఉన్నది ఉన్నట్టు పెట్టేసినా. నువ్వు పోయి ప్రింటు తీసి హజరత్తయ్యకియ్యి. ఎవురితోనూ చెప్పబాక. మంగళవారం మా సిస్టమ్ ముందర కూర్చునింది చిన్నాయన కాదక్కా..."

పద్మనాభయ్య చెయ్యి మళ్లీ ముందుకు వచ్చింది. కరుణ ఫోన్‌ను గుండెకు ఆనించుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొక్క మాట వింటే చాలు. ఆ మాట ఇద్దరి సాక్ష్యంతో దొరుకుతుంది. ఆమె పేరు కడిగినట్టవుతుంది. కానీ ఆ అమ్మాయి తను ఒక్క మనిషితో మాట్లాడుతున్నానని అనుకుంటోంది.

"ఆగు ప్రత్యూషా" అంది కరుణ. "నేను ల్యాబులోనే ఉండా. నువ్వు మార్చేటప్పుడు చూస్తానే ఉండా. ఫోన్ స్పీకర్లో ఉంది. మధుబాబు ఉండాడు. మీ నాన్న ఉండాడు, నా ఎదురుగానే నిలబడుండాడు. నీ మాటలన్నీ వింటా ఉండారు. ఇప్పుడు చెప్పు, చెప్తావా, పెట్టేస్తావా? పెట్టేసినా నేనేమీ అనుకోను."

మధుబాబు చంకలోంచి హెల్మెట్ జారి నేల మీద దొర్లింది. అతను వంగి తీయలేదు.

పద్మనాభయ్య ఆ ఫోన్ వైపే చూస్తున్నాడు. పెన్ను ఆయన ముందు అలాగే ఉంది.

"చెప్తా అక్కా" అంది ప్రత్యూష. ఈసారి గుసగుస లేదు. "ముందు మా నాన్నను కూర్చోమను."